సర్దారు గౌతు లచ్చన్నగారు

అబ్రహాము లింకనుగారి కథను చదువని విద్యార్థి మన పాఠశాలలలో నరుదు. కొయ్యదుంగలతో గట్టిన చిన్నయింటబుట్టి అమెరికా దేశమునకు అధ్యక్షుడైన యాతని చరిత్ర చదువునపుడు మనకు ఆశ్చర్యమును, ఉత్సాహమును గూడ గలుగును. అట్టి చరిత్ర యొకటి మన ముంగిటనే, ఉద్దానపు కొబ్బరితోటల నీడలోనే జరిగినదను సంగతి మనలో ననేకులు మఱచియున్నారు. తాటిచెట్టునెక్కి కల్లుగీచి పొట్టపోసికొను కుటుంబమున జనించి, మెట్రిక్యులేషను చదువునైనను ముగింపక, చెరసాలలనే కళాశాలలుగా జేసికొని, ఆంధ్రరాష్ట్ర మంత్రులలో నొకరై, శాసనసభలో ప్రతిపక్షమునకు నాయకులై, తొంబదియాఱేండ్లు జీవించి 2006వ సంవత్సరమున గీర్తిశేషులైన సర్దారు గౌతు లచ్చన్నగారి జీవితమును ఈ వ్యాసమున దెలుపుచున్నాను.

రాజకీయనాయకుల చరిత్ర వ్రాయువారు సాధారణముగా వారు పొందిన పదవులను వరుసగా బేర్కొందురు. లచ్చన్నగారి విషయమున నా పద్ధతి చాలదు. ఆయన పొందినవానికంటె విడిచినవానిని లెక్కించినచో ఆయన స్వభావము మనకు జక్కగా బోధపడును. మూడు సందర్భములందు ఆయన చేతికందిన దానిని వదలుకొనిరి. ఆ మూడును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక.

మొదట ఆయన పుట్టిన నేలనుగూర్చి రెండు మాటలు. మహేంద్రగిరి పంక్తులకును బంగాళాఖాతమునకును నడుమ, టెక్కలికి ఈశాన్యముగా వ్యాపించిన సముద్రతీర ప్రాంతమునకు ఉద్దానమని పేరు. ఉద్యానమను శబ్దమే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు గ్రామముల చుట్టును కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు దట్టముగా బెరిగియుండును. పలాస, కాశీబుగ్గలలో నేడు జీడిపప్పు వ్యాపారము మిక్కిలి ప్రసిద్ధమైనది. మహేంద్రతనయ యను చిన్ననది కొండలనుండి దిగివచ్చి సముద్రమున గలియుచోట బారువ యను గ్రామము గలదు. పూర్వకాలమున నిది ఓడలు వచ్చిపోవు రేవు. ఈ బారువలోనే 1909వ సంవత్సరము ఆగష్టు 16వ తేదీన గౌతు చిట్టయ్య, రాజమ్మ దంపతులకు లచ్చన్నగారు జన్మించిరి.

ఆనాడు బారువ మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు జేరియుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు గంజాములో బెద్దభాగము దానిలో గలిసిపోగా, టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతములు మద్రాసు రాజధానియందే నిలిచి విశాఖపట్టణము జిల్లాలో జేరెను. 1950 ఆగష్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా వేఱుగా నేర్పడెను. కాబట్టి లచ్చన్నగారు ఒకే యూరి మనిషియయ్యును మూడు జిల్లాల పౌరులై జీవించిరి. హద్దులు మాఱినను ఆ గ్రామముల బీదరికము మాత్రము చాలకాలము మాఱలేదు.

గీతవృత్తి యెట్టిదో యెఱుగక లచ్చన్నగారి జీవితము నర్థము చేసికొనుట కష్టము. తాటిచెట్టు నిటారుగా మిక్కిలి యెత్తు పెరుగును; కొమ్మలుండవు. గీతకార్మికుడు నడుమునకు మోకు బిగించుకొని, కత్తియు కుండయు వ్రేలాడగట్టుకొని, దినమునకు రెండుమారులైన నెక్కి, గెల చివరను పలుచగా జెక్కి, కారు రసమును కుండలో బట్టవలెను. ఒక్కనాడు మానినను గీసినచోటు ఎండిపోవును. వానకు మాను నాని జాఱుడుగా నున్నను ఎక్కక తప్పదు. మోకు తెగినను, కాలు జాఱినను ప్రాణమో, నడుమో పోవును. ఇంత ప్రమాదమున కోర్చి తెచ్చిన కల్లుమీద దొరతనమువారి చెట్టుపన్ను, దుకాణమును వేలములో బాడుకొన్న గుత్తదారు లాభము పోగా గీతకార్మికునకు మిగులునది స్వల్పము. దానికి దోడు సంఘమున తక్కువచూపు. అట్టి యింట బుట్టిన బాలుడు పలకయు బలపమును జేతబట్టి బడికిబోవుటయే ఆ దినములలో నొక విశేషము.

ఇక పల్లెలలోని రైతుల స్థితియు నంతకంటె మెఱుగుగా లేదు. 1802వ సంవత్సరమున నేర్పడిన శాశ్వత పరిష్కారముచేత నీ ప్రాంతము మందస, టెక్కలి, తర్లా, జలంతర మొదలగు జమీందారీల క్రింద నుండెను. జమీందారు దొరతనమువారికి స్థిరమైన పేష్కషు చెల్లించి, రైతులనుండి శిస్తు వసూలుచేసికొనుచుండెను. ఇచ్చునది స్థిరము, పుచ్చుకొనునది పెంచుకొనవచ్చును. ఇదియే యా పద్ధతిలోని మర్మము. శిస్తు గాక, పశువులు మేసినందుకు పుల్లరి, అడవిలో నాగటికఱ్ఱ కొట్టుకొన్నందుకు రుసుము, జమీందారు పనులకు వెట్టి మొదలగు బరువులును రైతుమీదనే పడుచుండెను. 1908వ సంవత్సరపు ఎస్టేటుభూముల చట్టము రైతుకు కొన్ని హక్కుల నొసగెనుగాని, చదువురాని రైతు కచ్చేరీ మెట్లెక్కి ఆ హక్కులను సాధించుకొనుట సులభమా?

ఈ రెండు కష్టములను, గీతకార్మికుని కష్టమును, రైతు కష్టమును, బాల్యమునుండి కన్నులార జూచిన లచ్చన్నగారు యౌవనమున బ్రవేశించునప్పటికి దేశమంతట గాంధీమహాత్ముని పేరు మాఱుమ్రోగుచుండెను. 1930 మార్చి 12వ తేదీన గాంధీగారు సబర్మతి ఆశ్రమమునుండి బయలుదేఱి, సుమారు 240 మైళ్లు నడచి, ఏప్రిల్ 6వ తేదీన దండి సముద్రతీరమున ఉప్పు దీసి చట్టమును ధిక్కరించిరి. ఉప్పు బీదవానికి భాగ్యవంతునకు సమానముగా గావలసిన వస్తువు. కూలివాడు ఎండలో జెమటోడ్చి పనిచేయును గనుక వానికే యెక్కువ కావలెనేమో! అట్టి వస్తువును స్వయముగా జేసికొనుట నేరమనియు, దొరతనమువారికి పన్ను చెల్లించియే కొనవలెననియు నాటి చట్టము. సముద్రము ఇంటిముందు ఘోషించుచుండగా ఉప్పుకు పన్ను గట్టవలసిన ఉద్దానపు ప్రజలకు ఈ యన్యాయమును వేఱుగా బోధింపనక్కఱలేదు.

మన టెక్కలి సమీపమునందలి నౌపడా ఉప్పుకొఠారులను ఎఱుగనివారు మనలో లేరు. కళ్లములలో సముద్రపు నీరునిలిపి, ఎండకు ఇగిర్చి, తెల్లని గుట్టలుగా బోయు దృశ్యము రైలులో బోవువారికి గూడ గానవచ్చును. ఆంధ్రదేశపు టుత్తరభాగమున ఉప్పు సత్యాగ్రహమునకు నౌపడా ముఖ్యస్థలములలో నొకటి యయ్యెను. అప్పటికి లచ్చన్నగారికి ఇరువది యొకటవ యేడు జరుగుచుండెను. మెట్రిక్యులేషను చదువుచుండిరి. ఆ పరీక్ష తేరినవానికి గుమాస్తాపనియైన దప్పక లభించు రోజులవి. తాతలనాటినుండి చెట్టెక్కుచున్న కుటుంబములో నొక్కడు కచ్చేరీలో గుర్చీమీద గూర్చుండు నవకాశము అందునంత దూరమున నుండెను. ఆయన దానిని విడిచిరి. నౌపడాలో ఉప్పుచట్టమును ధిక్కరించినవారిలో గలిసిరి. పలాసలో నిర్బంధింపబడి, టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలో నుంపబడిరి. ఇది మొదటి త్యాగము.

చెరసాల భయమును పోగొట్టుకొన్నవానికి వేఱుభయము నిలువదు. విడుదలయైన పిదప లచ్చన్నగారు తమ దృష్టిని తన యూరివైపునకే త్రిప్పిరి. స్వరాజ్యము గోరువాడు ముందు తన వీధిలో స్వరాజ్య మున్నదా యని చూడవలెనుగదా. ఆనాడు హరిజనులకు ఆలయప్రవేశము లేదు, ఊరిబావిలో జేద వేయుటకు వీలులేదు, బడియు దూరమే. లచ్చన్నగారు బారువలో హరిజన సేవాకార్యమును బూని, వారికొఱకు రాత్రిపాఠశాలలు నడపి, ఆలయప్రవేశమునకై పాటుపడిరి. తానును సంఘమున తక్కువగా జూడబడిన కులమువాడయ్యును, తనకంటెను క్రిందికి నెట్టబడినవానికి జేయి యందిచ్చుట గమనింపదగినది. అవమానము పొందినవారిలో గొందఱు తమకంటె బలహీనుని అవమానించి తృప్తిపడుదురు. కొందఱు అవమానమునే నిర్మూలింప బూనుకొందురు. లచ్చన్నగారు రెండవ తెగవారు.

ఈ కాలముననే ఆయన జీవితమును దీర్చిదిద్దిన మఱియొక మహానుభావునితో బరిచయము గలిగెను. ఆయనయే ఆచార్య ఎన్. జి. రంగాగారు. 1900వ సంవత్సరమున గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము జదివి, మద్రాసులో నాచార్యపదవి నలంకరించి, దానిని వదలి రైతులకొఱకు బయలుదేఱిన పండితుడాయన. ఆయన నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును నెలకొల్పి పల్లెయువకులకు రాజకీయ, ఆర్థిక విషయములందు శిక్షణ నొసగుచుండెను. లచ్చన్నగారు ఆయనను గురువుగా వరించిరి. ఆ గురుశిష్య సంబంధము అరువదేండ్లకు బైగా సడలలేదు. రాజకీయములలో స్నేహములు ఋతువులవలె మాఱునను లోకోక్తికి ఇది గొప్ప యపవాదము.

రైతు సంఘములు బలపడిన కొలది జమీందారీ ప్రాంతములలో గొత్త చైతన్యము గలిగెను. 1937–38 సంవత్సరములలో రైతు కార్యకర్తలు ఇచ్ఛాపురమునుండి మద్రాసువఱకు కాలినడకను రైతు రక్షణ యాత్ర చేసిరి. ఉత్తరపు కొననున్న ఇచ్ఛాపురమునుండి రాజధాని నగరమువఱకు నూఱుదినములకు మించి యూరూర నడచుచు రైతుల మొఱలను వినుచు సాగిన యా యాత్ర, మన పల్లెలవారికి తమ కష్టము తమ యూరికే పరిమితమైనది కాదనియు, ఆంధ్రదేశమంతట నట్లే యున్నదనియు దెలియజేసెను. అప్పటి రాజాజీ మంత్రివర్గములో రెవిన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశముగారి యధ్యక్షతను జమీందారీ విచారణ సంఘమేర్పడి, రైతే భూమికి యజమానుడని తీర్మానించెను. అయినను 1939లో యుద్ధము వచ్చి మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే నా తీర్మానము కాగితముమీదనే నిలిచిపోయెను.

అట్టి నిరాశాసమయమున 1940 మార్చి నెలలో అఖిలభారత కిసాను మహాసభ మన పలాసలో జరిగెను. హిందీ మహారచయితయు, బహుభాషాపండితుడును, బీహారు రైతునాయకుడునైన రాహుల్ సాంకృత్యాయనుగారు దానికి అధ్యక్షులుగా నెన్నుకోబడిరి. కాని సభకు ముందే దొరతనమువారాయనను నిర్బంధించిరి. అఖిలభారత సభ యొకటి మన పలాసవంటి చిన్నయూర జరుగుట సామాన్యవిషయమా? ఏర్పాట్లు చేసి దానిని నడపినవారిలో లచ్చన్నగారు ప్రముఖులు. పంజాబునుండి, బీహారునుండి వచ్చిన రైతుప్రతినిధులును, ఉద్దానపు రైతులును ఒక్క పందిరి క్రింద గూర్చుండిరి.

ఆ సభ ముగిసి వారము దిరుగకమునుపే మందస జమీందారీలో ఘోరము జరిగెను. అడవిలో వంటచెఱకు, నాగటికఱ్ఱ దెచ్చుకొనుట తమకు దరతరాల హక్కని రైతులు, కాదని జమీందారు. రైతులు కలపను గొట్టి తెచ్చుకొనగా, వారిని బట్టుకొనుటకు పోలీసులు గుడారి రాజమణిపురమునకు వచ్చిరి. ఊరివారు అడ్డగించిరి. 1940 ఏప్రిల్ 1వ తేదీన పోలీసులు తుపాకులు ప్రేల్చగా సాసుమాన గున్నమ్మయు, మఱి నలుగురును ప్రాణములు గోల్పోయిరి. గున్నమ్మ యప్పుడు గర్భవతి. నేటికిని మందస ప్రాంతమున వీరగున్నమ్మ యనియే యామెను స్మరింతురు. రైతుపోరాటమనిన తీర్మానములు వ్రాయుట గాదనియు, దాని మూల్యము ప్రాణములతో జెల్లింపవలసి వచ్చుననియు ఈ ప్రాంతపు కార్యకర్తలకు ఆ దినము తెలిసివచ్చెను.

1942 ఆగష్టులో క్విట్ ఇండియా ఉద్యమ మారంభము కాగా, లచ్చన్నగారు అజ్ఞాతవాసమున నుండి ఉద్యమమును నడపి, పిదప పట్టుబడి చెరసాలపాలైరి. ఈ పోరాటముల నడుమ ప్రజలాయనను ‘సర్దా’రని పిలువసాగిరి. బర్దోలీ రైతులను నడపిన వల్లభాయిపటేలుగారికి ప్రజలిచ్చిన బిరుదమే యిది. ఏ ప్రభుత్వము నొసగినదియు గాదు. ఏ పట్టాయు లేదు. అయినను ఆయన పేరునుండి దానిని విడదీయువా డెవ్వడును లేడయ్యె.

1947లో స్వాతంత్ర్యము వచ్చెను. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును జేయగా, నూటనలుబదియేండ్లకు బైబడిన జమీందారీ పద్ధతి యంతరించి, రైతు నేరుగా ప్రభుత్వమునకు శిస్తు చెల్లించు రైత్వారీ పద్ధతి వచ్చెను. మందస కొండలనుండి బారువ తీరమువఱకు రైతులు గోరిన కోరిక ఫలించెను. ఇంతటితో బనియైపోయినదని విశ్రమించువారు గొందఱు. లచ్చన్నగారికి మాత్రము రెండవ ప్రశ్న, గీతకార్మికుని ప్రశ్న, మిగిలియుండెను.

ఈ ప్రశ్న మిక్కిలి చిక్కైనది. దానిని నిదానముగా విచారింపవలెను. మద్యపాన నిషేధము గాంధీమహాత్ముని ముఖ్యాశయములలో నొకటి. రాజాజీగారు 1937లో సేలము జిల్లాలో దానిని మొదలిడిరి; 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాజధానియందంతటను నిషేధ మమలులోనికి వచ్చెను. త్రాగుడు సంసారములను గూల్చునను మాట సత్యము. అది మానిన యిండ్లలో పొయ్యి వెలిగినదనుటయు సత్యమే. కాని త్రాగువాని కుటుంబము నొకప్రక్క నిలిపి చూచునపుడు, గీయువాని కుటుంబము నింకొకప్రక్క నిలిపి చూడవలదా? చట్టము వచ్చిన మఱునాటినుండి లక్షల కుటుంబములకు జీవనోపాయము పోయెను. నీరా దీయుట, తాటిబెల్లము వండుట మొదలగు ప్రత్యామ్నాయములు వారందఱకు జాలలేదు. చాటున గీచినవాడు నేరస్థుడై కోర్టులచుట్టు దిరుగవలసివచ్చెను. మఱియొకవైపున దొంగసారా మాత్రము ఆగలేదు.

గాంధీగారి పిలుపున చదువు విడిచినవాడు, గాంధీగారి ఆశయమైన నిషేధమును వ్యతిరేకింపవచ్చునా? ఈ ప్రశ్న లచ్చన్నగారి యెదుట నిలిచెను. ఆయన సమాధానము ఆయన యాచరణలో గలదు. త్రాగుడు మంచిదని యాయన వాదింపలేదు. ఒక సంస్కరణమునకు వెల యంతయు నిరుపేదయైన గీతకార్మికుడే చెల్లింపవలెననుట న్యాయము కాదనియే యాయన వాదము. దానికి సాధనముగా మరల సత్యాగ్రహమునే యెన్నుకొనిరి. గీతకార్మికులు చెట్లెక్కి బాహాటముగా గీచి నిర్బంధములకు సిద్ధపడిరి. 1930లో ఉప్పు, ఇప్పుడు కల్లు. గురువునుండి నేర్చిన యాయుధమునే శిష్యుడు గురువు తీర్పును ప్రశ్నించుటకు బ్రయోగించెనన్నమాట. ఇది గురుద్రోహమా, గురుభక్తియా యనునది చదువరులే యాలోచింపదగినది.

అప్పటి రాజకీయస్థితి యిట్లుండెను. 1951లో రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పక్షమును స్థాపించిరి. లచ్చన్నగారు గురువు వెంట నడచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన పొట్టి శ్రీరాములుగారి బలిదాన ఫలితముగా కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడి, ప్రకాశముగారు ముఖ్యమంత్రులైరి. ప్రకాశముగారు సామాన్యులా? సైమను కమిషను వచ్చినపుడు మద్రాసులో తుపాకి కెదురుగా ఱొమ్ము చూపిన ఆంధ్రకేసరి. జమీందారీ విచారణలో రైతుపక్షమున దీర్మానించినవారును ఆయనయే. నిషేధ విషయమున విచారించిన ఎస్. వి. రామమూర్తిగారి సంఘము, నిషేధము విఫలమైనదనియు దానిని దొలగింపవలెననియు సూచించెను. ప్రభుత్వము దాని కంగీకరింపలేదు. 1954 నవంబరులో శాసనసభలో ఈ విషయముపై ప్రభుత్వము మీద నవిశ్వాసము ప్రకటింపబడగా, ఒక్క వోటు తేడాతో ప్రకాశముగారి మంత్రివర్గము పడిపోయెను. లచ్చన్నగారు ప్రభుత్వమునకు బ్రతికూలముగా నిలిచినవారిలో ముఖ్యులు. తమ పక్షము బలపఱచిన ప్రభుత్వమునే, తాను గౌరవించు వృద్ధనాయకునే, గీతకార్మికుల నిమిత్తము ఎదిరించుట రెండవ త్యాగము. దీనిని దప్పుబట్టినవారును గలరు. నూతనరాష్ట్రము పుట్టి పదునాలుగు నెలలైన గాకమున్నే ప్రభుత్వమును గూల్చి, రాష్ట్రపతి పాలన దెచ్చుట వివేకమా యని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నయు ద్రోసిపుచ్చదగినది కాదు. ఇరుపక్షముల వాదమును వినుటయే చరిత్ర చదువువాని ధర్మము.

1955లో మరల యెన్నికలు జరుగగా, కాంగ్రెసు, కృషికార్ లోక్ పక్షము మొదలగునవి కూడి పోటీచేసి జయించెను. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియై యేర్పఱచిన మంత్రివర్గములో లచ్చన్నగారికి స్థానము లభించెను. చెరసాల యొజ్జబడిగా జదివినవాడు మంత్రియై కర్నూలులో గూర్చుండెను. 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణముతో గలిసి ఆంధ్రప్రదేశ మేర్పడువఱకు ఆ మంత్రివర్గముండెను.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార వ్యవసాయమును గూర్చి తీర్మానించెను. చిన్న చిన్న కమతములను కలిపి యుమ్మడిగా సాగుచేయుట దాని యుద్దేశము. రైతు జమీందారునుండి విడిపించుకొన్న భూమిని మరల నుమ్మడిలో బోగొట్టుకొనునేమోయని రంగాగారు భయపడి కాంగ్రెసునుండి వైదొలగిరి. ఆ యేడే రాజాజీగారు స్థాపించిన స్వతంత్ర పక్షమునకు రంగాగారు అధ్యక్షులైరి. ఆంధ్రదేశమున నా పక్షమును నిలబెట్టినవారిలో లచ్చన్నగారు అగ్రగణ్యులు. ఇచట నొక వింత గలదు. నిషేధమును మొట్టమొదట బ్రవేశపెట్టిన రాజాజీగారును, ఆ నిషేధమునకు వ్యతిరేకముగా సత్యాగ్రహము నడపిన లచ్చన్నగారును ఒక్క పక్షమున గలిసి పనిచేసిరి. ఒక విషయమున విభేదించినవారు మఱియొక విషయమున జేయి గలుపుటయే ప్రజాస్వామ్య పద్ధతి.

ఇక మూడవ త్యాగమును జెప్పవలెను. 1967వ సంవత్సరపు సార్వత్రిక ఎన్నికలలో లచ్చన్నగారు సోంపేటనుండి శాసనసభకును, శ్రీకాకుళమునుండి లోకసభకును గూడ గెలుపొందిరి. ఆ యెన్నికలలోనే స్వతంత్ర పక్షము లోకసభలో నలుబదినాలుగు స్థానములు గెలిచి ప్రతిపక్షములలో బెద్దదయ్యెను. కాని దాని నాయకులైన రంగాగారు మాత్రము ఓడిపోయిరి. సేనయుండి సేనాపతి లేకపోయెను. లచ్చన్నగారు లోకసభ స్థానమునకు రాజీనామా యిచ్చి, ఆ ఖాళీలో దమ గురువును నిలిపి, శ్రీకాకుళపు ప్రజలచేత గెలిపించి ఢిల్లీకి బంపిరి. గుంటూరు జిల్లాలో బుట్టిన రంగాగారు మన ప్రాంతమునకు బ్రతినిధియైన కథ యిది. ద్రోణాచార్యునకు ఏకలవ్యుడు బొటనవ్రేలిచ్చినట్లు మనము పురాణములలో జదువుదుము. అచట గురువు కోరెను, శిష్యుడిచ్చెను, ఇచ్చి తన విద్యను గోల్పోయెను. ఇచట ఇచ్చినవాడు దేనిని గోల్పోలేదు. సోంపేట ప్రతినిధిగా శాసనసభలోనే యుండి తన ప్రజల మాట తాను వినిపించుచునే యుండెను.

ఆ పిదప 1972–73లో సాగిన జై ఆంధ్ర ఉద్యమమున ఆయన నాయకులలో నొకరై పనిచేసిరి. 1975 జూనులో దేశమున అత్యవసరపరిస్థితి ప్రకటింపబడి, పత్రికల నోళ్లు మూయబడి, ప్రతిపక్షనాయకులు నిర్బంధింపబడినపుడు లచ్చన్నగారును దానిని వ్యతిరేకించి నిర్బంధము ననుభవించిరి. తెల్లదొరల చెరసాలను ఇరువదియొకటవ యేట జూచినవాడు, స్వదేశీయుల చెరసాలను అరువదియాఱవ యేట జూచెను. 1977లో పెక్కు ప్రతిపక్షములు గలిసి జనతాపక్షమేర్పడగా దానిలో జేరిరి. సోంపేట ప్రజలాయనను పలుమారులు శాసనసభకు బంపిరి; ప్రతిపక్షనాయకత్వమును గూడ నాయన వహించిరి. వెనుకబడిన తరగతులవారికి విద్యయందును, ఉద్యోగములందును స్థానము గల్పింపవలెనని జీవితాంతము వాదించిరి. 2006 ఏప్రిల్ 19వ తేదీన స్వర్గస్థులైరి. ఆయన కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీగారును సోంపేటనుండి పలుమారులు శాసనసభ్యులైరి.

లచ్చన్నగారు పక్షములను మాటిమాటికి మార్చిరని ఆక్షేపించువారు గలరు. కాంగ్రెసు, కృషికార్ లోక్ పక్షము, స్వతంత్ర పక్షము, జనత. ఈ పేర్లను వరుసగా జూచినచో నా యాక్షేపణ నిజమే యని తోచును. కాని ఆయన యడిగిన ప్రశ్నలను వరుసగా జూచినచో వేఱు తోచును. ఉప్పు చేయువాని కెందుకు శిక్ష? దున్నువానికి భూమి యెందుకు లేదు? గీయువాని బ్రతుకు తెరువేది? వెనుకబడినవానికి బల్ల యెక్కడ? ఈ ప్రశ్నలు 1930లో నెట్లుండెనో 1980లోను అట్లే యుండెను. పడవ మాఱినను దిక్సూచి మాఱలేదు. అదే కాలమున ఇదే ఉద్దానమున, 1960వ దశకము చివరను, బొడ్డపాడు మొదలగు గ్రామములయందు గొందఱు యువకులు సాయుధపోరాటమునకు దిగి ప్రాణములు గోల్పోయిరి. బీదరికమును జూచి మనసు మండుట యిరుదెఱుగులవారికి సమానమే. లచ్చన్నగారు మాత్రము జీవితాంతము సభ, సత్యాగ్రహము, వోటు అను మూడింటినే నమ్మిరి.

విద్యార్థులారా! ఈ చరిత్రనుండి మనము చదువు మానివేయవలెనని నేర్వరాదు. ఆయన చదువు విడిచినది సోమరితనముచేత గాదు. దేశము చెరలోనుండగా తాను పరీక్షలో గూర్చుండలేక విడిచిరి. అట్లు విడిచినవారే హరిజన బాలురకు రాత్రిపాఠశాలలు పెట్టిరన్నది మఱువకుడు. నేడు దేశము చెరలో లేదు. మన చదువుకు అడ్డులేదు. ఇప్పుడు మనలను బరీక్షించు ప్రశ్న వేఱు. చదివి పైకివచ్చిన పిదప, మనము వచ్చిన వీధిని జ్ఞాపకముంచుకొందుమా? మన కన్నులయెదుట ఒక మంచి సంస్కరణము జరుగుచున్నపుడు, దాని వెలను ఎవడు చెల్లించుచున్నాడో విచారింతుమా? చేతికందిన పదవిని, తగినవానికొఱకు విడువగలుగుదుమా?

పలాసకు బోవు రైలులో నౌపడా దాటునపుడు ఎడమకుడి ప్రక్కల జూడుడు. ఉప్పుకళ్లములును, వానికావల తాటితోపులును గానవచ్చును. మందస రోడ్డు దాటిన పిదప అడవికొండలు గానవచ్చును. ఉప్పు, తాడి, అడవి. ఈ మూడింటి చుట్టును ఒక మనుష్యుని జీవితమంతయు నల్లుకొనియున్నది. చరిత్రయనునది దూరదేశములలోనే గాక మన దారిప్రక్కనను బడియున్నదని యెఱుంగుట మనకు మేలు.